చిన్ననాటి ప్రశ్న నుంచి కవిత దాకా: గోదావరి డెల్టాలో ప్రకృతిని చూసి రాయడం ఎలా?

ఆదివారాలు మా ఊరి లైబ్రరీలో రాసుకునేవాళ్లం కొందరం కలుస్తాం. కొత్తగా వచ్చేవాళ్లు అడిగేది దాదాపు ఒకటే. "చిన్నప్పుడు ఏటిగట్టు మీద పిట్టనీ పురుగునీ చూసి ఎంత ఆశ్చర్యపోయేవాళ్లమో గుర్తుందండి. రాద్దామని కూర్చుంటే మాత్రం 'ఆ రోజులే వేరు' అన్న మాట తప్ప ఇంకేదీ రావడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?"

ప్రశ్న దగ్గర మొదలుపెట్టాలి, జ్ఞాపకం దగ్గర కాదు. ఏడెనిమిదేళ్ల వయసులో మనమెవరమూ ప్రకృతిని ప్రేమిస్తున్నామని అనుకోలేదు. "ఇది ఇలా ఎందుకుంది?" అని అడిగాం. పెద్దవాళ్లు చెప్పిన జవాబు సగం నమ్మాం, సగం నమ్మలేదు. కవిత దొరికేది ఆ నమ్మకానికీ అనుమానానికీ మధ్యనే.

ఈ కింది క్రమం పాటిస్తే నెల రోజులకు ఒక కవిత వస్తుంది. ఒక్కటే వస్తుంది. తొందరపడొద్దు.

## 1. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- జేబులో పట్టే చిన్న నోట్‌బుక్
- పెన్సిల్ (వానకు, చెమటకు పెన్ను రాత చెదిరిపోతుంది)
- చేతి గడియారం. ఫోన్‌లో టైం చూడబోతే ఇంకేదో చూస్తాం
- నెలకు నాలుగు పొద్దులు, ఒక్కోటి అరగంట
- పాత కబుర్లు చెప్పే పెద్దవాళ్లు ఒకరిద్దరు

కాలం కూడా చూసుకోవాలి. డెల్టాలో ప్రతి వింతకూ ఒక కార్తె ఉంది. ఏప్రిల్, మే నెలల్లో కాలువలకు నీళ్లు కట్టేస్తారు కాబట్టి ఏడాదంతా కనిపించని కాలువ అడుగు అప్పుడు కనిపిస్తుంది. జూన్‌లో మృగశిర, ఆరుద్ర కార్తెలు. తొలకరికి ఆరుద్ర పురుగులు, ఆకుమడి పక్కన కప్పలు. జులై నుంచి సెప్టెంబరు దాకా వరద తెచ్చే ఎర్రనీరు, పులస చేప, గిజిగాడి గూళ్లు. చలికాలంలో కోరంగి మడ అడవుల వైపు వలస పక్షులు. జనవరి దాటాక సముద్రపు తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి.

వరద రోజుల్లో ఒక కట్టుబాటు తప్పనిసరి. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. మొదటిది వచ్చిందని వింటే ఇక గట్టు దిగొద్దు. చూడాలనుంటే గట్టు మీద నుంచే చూడండి.

## 2. ప్రశ్నల జాబితా రాయండి

ఒక సాయంత్రం కూర్చుని, పదేళ్ల లోపు మీకు వచ్చిన ప్రశ్నలు ఇరవై రాయండి. జవాబులు రాయొద్దు, అప్పటి భావాలూ రాయొద్దు. ప్రశ్న మాత్రం అప్పుడు నోటికి ఎలా వచ్చిందో అలాగే రాయాలి. "నదీ జలాల వర్ణ పరివర్తన" అని ఏ పిల్లవాడూ అడగడు. "తాతా, గోదారి నిన్న తెల్లగా ఉంది కదా, ఇవాళ ఎర్రగా ఎందుకొచ్చింది?" అంటాడు.

పది దాకా తేలిగ్గానే వస్తాయి. తర్వాత ఆగిపోతుంది. అప్పుడు చోట్లను తలుచుకోండి: ఇంటి దొడ్డి, నూతి గట్టు, బోదె, చెరువు, కొబ్బరితోట, రేవు, లంక (నది మధ్య దిబ్బ), సముద్రపు ఒడ్డు. ఒక్కో చోట నిలబడ్డట్టు ఊహించుకుంటే రెండేసి ప్రశ్నలు లేచి వస్తాయి.

మా దగ్గర పోగైన వాటిలో కొన్ని:

- కొబ్బరి చెట్టు ఒంటి మీద ఆ ఉంగరాలు ఎవరు చెక్కారు?
- అత్తిపత్తికి నేను ముట్టుకున్నానని ఎలా తెలుస్తుంది?
- ఆరుద్ర పురుగు మిగతా ఏడాదంతా ఎక్కడుంటుంది?
- మడ చెట్టు వేళ్లు బురదలోంచి పైకెందుకు పొడుచుకొస్తాయి?
- సముద్రంలో ఇలస, గోదాట్లో పులస. ఏ రేవు దగ్గర పేరు మారుతుంది?
- గిజిగాడి గూట్లో దీపం ఉంటుందంటారు, నిజమేనా?

చివరి రెండూ నాకు ప్రాణం. అవి నోట్లో తిరుగుతుంటేనే కవిత నడక వినబడుతుంది.

## 3. ఒక్క ప్రశ్నే ఎంచుకోండి

ఇరవైలో ఒకటి. ఇక్కడే చాలామంది ఐదారు కలిపేస్తారు. కొబ్బరి చెట్టూ, పిట్టలూ, వరదా, అమ్మమ్మా అన్నీ ఒకే కవితలోకి వచ్చిపడితే చదివేవాడికి ఏదీ కనబడదు.

ఎంచుకునే ముందు ఈ నాలుగూ చూసుకోండి:

- ఈ ప్రశ్న వేసిన చోటు మీకు గుర్తుందా?
- ఎవరిని అడిగారో, వాళ్లు ఏమన్నారో గుర్తుందా?
- ఆ వస్తువును ఈ నెలలో మళ్లీ వెళ్లి చూడగలరా?
- జవాబు తెలిశాక కూడా ప్రశ్న కాస్త మిగులుతుందా?

నాలుగోది అసలైనది. కొన్ని ప్రశ్నలు జవాబు రాగానే అయిపోతాయి. పులస సంగతి అలా కాదు. గుడ్లు పెట్టడానికి సముద్రంలోంచి వరదకు ఎదురీదుతూ గోదావరిలోకి వస్తుందని తెలిసినా, ఇలస పులసయ్యే చోటు మాత్రం ఎవరూ చూపించలేరు.

## 4. వెళ్లి చూడండి

జ్ఞాపకంలో ఉన్న చెట్టు మీద ఎప్పుడూ ఒకటే ఎండ ఉంటుంది, కొమ్మ కదలదు. అందుకే అసలు చెట్టు దగ్గరకు వెళ్లాలి. ఒకే చోటికి, ఒకే వేళకు, నెలలో నాలుగు సార్లు. మొదటి పది నిమిషాలు ఏమీ రాయకండి. తర్వాత కనిపించింది, వినిపించింది, వాసన వచ్చింది మాత్రమే రాయండి. "ప్రశాంతంగా ఉంది" అని రాయొద్దు. ఏ శబ్దం ఆగితే ప్రశాంతం అనిపించిందో అది రాయండి.

వీలైతే కొలవండి. కొలిస్తే కవిత్వం పోతుందని కొందరు భయపడతారు. నేను చూసినంతలో, కొలిచినప్పుడే కళ్లు తెరుచుకుంటాయి.

కొబ్బరి చెట్టునే తీసుకోండి. మొవ్వులోంచి నెలకు సుమారు ఒక కొత్త ఆకు వస్తుంది. కింద ముదిరిన మట్ట రాలుతుంది. రాలిన చోట మిగిలిన మచ్చే ఆ ఉంగరం. అంటే మీ నడుము ఎత్తు నుంచి నుదుటి ఎత్తు దాకా ఉంగరాలు లెక్కపెట్టి పన్నెండుతో భాగిస్తే, ఆ చెట్టు అంత మేర ఎదగడానికి ఎన్నేళ్లు పట్టిందో రమారమి తెలుస్తుంది. ఒకాయన తన పెళ్లినాటికి చెట్టు ఎంత ఎత్తుందో అలా వేలితో వెతుక్కున్నాడు. ఆయన కవిత అక్కడే మొదలైంది.

సముద్రం దగ్గర ఊళ్లవాళ్లకు ఇంకో పని. పోటు ఎక్కే పాయ ఒడ్డున బురదలో కర్ర గుచ్చి, నీరు ఏ గంటకు ఎంత ఎత్తుకు వచ్చిందో గీత పెట్టండి. మర్నాడు అదే పోటు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. రెండు రోజులు కాపు కాసినవాడు "అలలు ఎగసిపడ్డాయి" అని ఇక రాయలేడు.

గూళ్లు, గుడ్లు, పిల్లలున్న చోటు ముట్టుకోవద్దు. రాలిపడ్డ గూడు దొరికితే చాలు.

## 5. పేర్లు అడిగి తెలుసుకోండి

"ఏదో ఒక నీలిరంగు పిట్ట" అని రాస్తే కవితలో ఖాళీ పడుతుంది. అది లకుముకి పిట్టో పాలపిట్టో తేల్చుకోవాలి. పిట్టల పేర్లు ఊరూరికీ మారతాయి కాబట్టి మీ ఊళ్లో ఏమంటారో అదే రాయండి.

పుస్తకం కంటే ముందు మనుషుల్ని అడగండి. కొబ్బరి దింపేవాళ్లకు చెట్టు పై భాగం తెలుసు. వల వేసేవాళ్లకు నీళ్ల మాటలు తెలుసు: పోటు, పాటు, మొగ (నది సముద్రంలో కలిసే చోటు), పర్ర (సముద్రం దగ్గరి చవిటి పల్లం), తిప్ప (ఇసుక దిబ్బ). ఊడ్పులకు వెళ్లే ఆడవాళ్లకు బురదలో తిరిగే ప్రతి పురుగూ తెలుసు. వాళ్లు చెప్పిన మాటను మర్యాద మాటగా మార్చకండి, అలాగే రాసుకోండి. ఒకసారి రేవులో ఒక పెద్దాయన్ని వరద తీసిందా అని అడిగితే, "లేదండీ, గోదారి ఇంకా ఆలోచిస్తుంది" అన్నాడు. నోట్‌బుక్ లేకపోతే ఆ మాట రేవులోనే ఉండిపోయేది.

## 6. నిజం తెలుసుకోండి, కానీ వెంటనే వాడొద్దు

మీ ప్రశ్నకు శాస్త్రం ఏం చెబుతుందో చదవండి. అత్తిపత్తి ఆకు మొదట్లో చిన్న ఉబ్బు ఉంటుంది. ముట్టుకోగానే అక్కడి కణాల్లోంచి నీరు బయటకు పోయి, బిగువు తగ్గి, ఆకు ముడుచుకుంటుంది. ఆరుద్ర పురుగుకు ఎనిమిది కాళ్లు. అంటే సాలీడుకు చుట్టం. ఏడాదిలో ఎక్కువ కాలం మట్టిలోనే ఉండి తొలకరి తడికి పైకొస్తుంది. బురద నేలలో గాలి ఆడదు కనుక మడ చెట్టు వేళ్లు ఊపిరి కోసం పైకి పొడుచుకొస్తాయి.

ఇవన్నీ తెలిస్తే తప్పు రాయం. కానీ తెలుసుకున్నదాన్ని తెచ్చి కవిత చివర జవాబుగా పెడితే అది సైన్సు పాఠం అవుతుంది. నోట్‌బుక్‌లో ఎడమ పేజీలో పెద్దవాళ్లు చెప్పిన కథ, కుడి పేజీలో నిజం రాసుకుని వారం రోజులు వదిలేయండి.

## 7. ముందు వచనంగా రాయండి

పంక్తులు విరగ్గొట్టకుండా ఒక పేజీ రాయండి. ఎవరు, ఎక్కడ, ఏ నెల, చేతిలో ఏముంది, ఎవరేమన్నారు. పోలికలు వద్దు. "లాగా", "వలె" అన్న మాటలు ఈ పేజీలో ఒక్కసారి కూడా రాకూడదు. ఉపమానం చాలాసార్లు సరిగ్గా చూడని చోటును కప్పిపెడుతుంది.

## 8. వచనాన్ని కవితగా మార్చడం: ఒక ఉదాహరణ

ఇది నా సొంత ప్రశ్నతో చేసింది. మా పొలం గట్టు మీద తాటిచెట్టుకు గిజిగాడి గూళ్లు వేలాడేవి. పిట్ట మిణుగురు పురుగును పట్టుకొచ్చి, బంకమట్టి ముద్దకు అతికించి, గూట్లో దీపం పెట్టుకుంటుందని తాత చెప్పాడు. దేశంలో చాలాచోట్ల చెప్పుకునే కథే. గూట్లో మట్టి ఉండే మాట నిజం. సగం అల్లిన గూడు లోపలి గోడకు మగపిట్ట మట్టి మెత్తుతుంది. గాలికి గూడు మరీ ఊగకుండా బరువు కోసం అని ఒక వివరణ ఉంది.

నా మొదటి ప్రతి ఇలా వచ్చింది:

*చిన్ననాటి తాటిచెట్టు మీద*
*అందమైన గిజిగాడి గూళ్లు*
*ఆ అమాయకపు రోజులు*
*మళ్లీ రావు కదా!*

ఇందులో గూడు లేదు. "అందమైన", "అమాయకపు", "మళ్లీ రావు" అన్న మూడు మాటలూ ఏ ఊరి గురించైనా, ఏ పిట్ట గురించైనా చెప్పొచ్చు. కొట్టేశాను.

రెండో ప్రతిలో కథ వచ్చింది. తాత మాట, రాలిన గూడు, విప్పి చూడటం, మట్టి. చివర మాత్రం "నిజం తెలిసింది, వెలుగు ఆరింది" అని రాశాను. రాసిన రోజు చాలా గొప్పగా అనిపించింది. వారం తర్వాత చదివితే, ఆ మాట అన్నది ఎనిమిదేళ్ల పిల్లవాడు కాదని, యాభై ఏళ్ల మనిషని తెలిసిపోయింది. అదీ కొట్టేసి ఒకటే అడుక్కున్నాను: ఆ రోజు మట్టి చూశాక పిల్లవాడు నిజంగా ఏం చేశాడు?

అప్పుడు గుర్తొచ్చింది.

*లోపల దీపముందన్నాడు తాత.*
*పిట్ట మిణుగురును పట్టి*
*మట్టిముద్దకు అతికిస్తుందట.*

*గాలివానకు రాలిన గూడు*
*ఒళ్లో పెట్టుకుని పోగు పోగూ విప్పాను.*
*మట్టి ఉంది.*
*గోరుతో గీస్తే పొడైంది.*

*ఆ రాత్రి*
*లాంతరు ఒత్తి తగ్గించి*
*పడుకోమంది అమ్మ.*
*కిటికీలోంచి తాటిచెట్టుకేసి*
*చాలాసేపు చూశాను.*

మట్టి కళ్లారా చూశాక కూడా వాడు చెట్టుకేసి చూస్తున్నాడు. దీపం లేదని నేను చెప్పలేదు, ఉందనీ చెప్పలేదు. తాత అబద్ధం ఆడాడని కూడా అనలేదు. లాంతరు ఒత్తి తగ్గించడం ఆ రోజుల్లో మా ఇంట్లో రోజూ జరిగేదే. దాన్ని దీపం కథ పక్కన పెట్టగానే పోలిక దానంతటదే ఏర్పడింది.

మీ వచనం మీద చేయాల్సిన పని కూడా ఇదే క్రమంలో:

- భావం పేరు చెప్పే ప్రతి మాట కింద గీత గీయండి (ఆనందం, అమాయకత్వం, ఆశ్చర్యం, బాధ)
- ఒక్కొక్కటీ కొట్టేసి, ఆ భావంలో ఉన్న పిల్లవాడు చేసిన పని రాయండి
- పెద్దయ్యాక తెలిసిన సంగతి పిల్లవాడి నోట్లో పడిందేమో చూడండి
- చివరి రెండు పంక్తులు చేత్తో మూసి చదవండి. అవి లేకపోయినా కవిత పూర్తయితే తీసేయండి
- బయటికి చదవండి. ఊపిరి ఆగిన చోట పంక్తి విరవండి

## 9. ఛందస్సులో రాయాలనుకుంటే

వచన కవితతో మొదలుపెట్టమనే చెబుతాను. పద్యం మీద మనసుంటే ఆటవెలది పట్టుకోండి. వేమన పద్యాలు చెవిన పడ్డవాళ్లందరికీ ఆ నడక తెలుసు. గణమంటే పొడుగ్గా పలికే అక్షరాలు (గురువు), పొట్టిగా పలికే అక్షరాలు (లఘువు) కలిసిన చిన్న గుంపు. బేసి పాదాల్లో మూడు సూర్య గణాలు, రెండు ఇంద్ర గణాలు. సరి పాదాల్లో ఐదూ సూర్య గణాలే. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో ధ్వని కలవాల్సిన చోటు, నాలుగో గణం మొదటి అక్షరం.

గణాల కోసం పాత మాటలు వెతకక్కర్లేదు. "గూటిలోన మట్టి" అని మామూలుగా అని చూడండి. గూటి, లోన, మట్టి. మూడూ గురువు-లఘువే, మూడు సూర్య గణాలు. మొదటి పాదంలో సగానికి పైగా రోజూ మాట్లాడే తెలుగులోనే వచ్చేసింది.

## 10. ఎక్కువగా జరిగే తప్పులు, సవరణలు

కాలం తప్పడం. ఒక కవితలో సంక్రాంతికి గిజిగాడు గూడు అల్లుతోంది. పక్కనే కూర్చుని వింటున్న రైతు "అవి అల్లేది వానాకాలంలో కదండీ" అన్నాడు. రాసిన వెంటనే నెల, కార్తె, చేలో ఏ పంట ఉందో (వానాకాలపు సార్వానా, తర్వాతి దాళ్వానా) చూసుకోండి.

ప్రతి చెట్టు మీదా కోయిలే. మన డెల్టాలో జెముడుకాకి ఉంది, నీటికాకి ఉంది, కొంగల్లోనే ఎన్నో రకాలున్నాయి. మీరు చూసిన పిట్టను రాయండి.

ముద్దుమాటలు. పిల్లల గొంతు అంటే నత్తిగా రాయడం కాదు. పిల్లలు సూటిగా, చిన్న వాక్యాల్లో మాట్లాడతారు. అది చాలు.

ఇప్పటి పిల్లలకు ఏమీ తెలియదని తిట్టడం. కవిత మధ్యలో సెల్‌ఫోన్ మీద కోపం వస్తే ఆ పంక్తి తీసేయండి. మీరు మొదలుపెట్టింది గూడు గురించి.

చేదును దాచడం. వరద ఇళ్లలోకి వచ్చింది, లంక కోతకు పోయింది, ఈత కొట్టిన కాలువ గుర్రపుడెక్కతో నిండింది. ఇవీ పిల్లలు చూశారు, వీటి మీదా ప్రశ్నలు వేశారు. "మన పెరడు ఇప్పుడు ఏ ఊళ్లో ఉంది?" అని కోతకు గురైన లంకలో పెరిగిన ఆమె రాసింది. అంత బరువైన ప్రశ్న నా దగ్గర ఒక్కటీ లేదు.

మధ్యలోనే ఆగిపోవడం. మూడో వారానికి విసుగొస్తుంది. అప్పుడు కొత్త ప్రశ్నకు మారకండి. అదే చోటికి వేరే వేళలో వెళ్లండి. పొద్దున వెళ్లేవాళ్లు పొద్దుగుంకాక వెళ్లండి.

## 11. పిల్లలతో కలిసి చేస్తే

పిల్లలకు పాత ప్రశ్నల జాబితా అక్కర్లేదు, వాళ్ల దగ్గర ఇవాళ్టివి ఉన్నాయి. మన పని వాటిని పోనివ్వకుండా పట్టుకోవడమే.

- అడిగిన ప్రశ్నను అదే మాటల్లో రాసి, పక్కన తేదీ, చోటు వేయండి
- వెంటనే జవాబు చెప్పకండి. "నువ్వేమనుకుంటున్నావు?" అని అడిగి అదీ రాయండి
- తప్పు తెలుగని దిద్దకండి
- కవిత రాయమని వాళ్ల మీద ఒత్తిడి పెట్టకండి. ప్రశ్నల పుస్తకం ఉంటే చాలు
- నీళ్ల దగ్గరకు పెద్దవాళ్లు తోడు లేకుండా పంపొద్దు

కిందటి వానాకాలం, ఐదో తరగతి చదివే పాప నా పులస ప్రశ్న విని కాసేపు ఆలోచించి, నా నోట్‌బుక్ అడిగి తీసుకుని తనే రాసింది: "పేరు మారిందని చేపకి ఎవరు చెప్తారు?" కింద తేదీ వేసింది. ఆ పేజీలో మిగతా అంతా ఇంకా ఖాళీగానే ఉంది. ఈసారి ఎర్రనీరు వచ్చాక వాళ్ల నాన్నతో కలిసి రేవుకు రమ్మని చెప్పాను. పెన్సిల్ తనే తెచ్చుకుంటానంది.